తొలి మెయిల్ సారుకే

మోత్కూర్ పోయే రోడ్డు పక్కనున్న మందుల ఫ్యాక్టరీ పేరు మీద ఆ ఎండాకాలం ప్రపంచమంతటా బట్టతల నూనెకు ప్రచారం జరిగింది. ఫ్యాక్టరీలో నూనె తయారు కాదు. అకౌంట్స్ సెక్షన్‌లో ఒక కంప్యూటర్‌కు వైరస్ పట్టి, ఎవరూ చెప్పకుండానే అది ఫ్యాక్టరీ చిరునామా నుంచి లోకానికంతా నూనె మెయిళ్లు పంపింది. జర్మనీలో మందు పొడి కొనే పెద్దమనిషికి కూడా ఒకటి వెళ్లింది. ఆయనకు నిజంగానే బట్టతల. మనసుకు తీసుకున్నాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీ నుంచి ఏ మెయిల్ పోయినా అవతలి సర్వర్లు తెరిచి చూడకుండానే తిప్పికొట్టసాగాయి.

అందుకని మెయిల్‌కు కాపలా కాసే పెట్టె ఒకటి తెప్పించారు. దాన్ని బిగించే పని గోపీకృష్ణ మీద పడింది. గోపీకృష్ణ ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే కుర్రాడు. కంప్యూటర్లతో పాటు కెమెరాలు, ప్రింటర్లు, జనరేటర్, మేనేజర్ అత్తగారి ఫోన్లో వాట్సాప్ కూడా చూస్తాడు. వైరున్న ప్రతి వస్తువూ అతని కిందికే వస్తుందని ఫ్యాక్టరీ మొదట్లోనే తేల్చింది. తర్వాత వైరు లేనివి కూడా కలిపింది.

పెట్టె ఏం చేస్తుందో మేనేజర్ అమరేందర్‌కు చెప్పడానికి గోపీకృష్ణకు ఒక పూట పట్టింది.

"సార్, గిది గేటు కాడ వాచ్‌మన్ లెక్క. మన కంపెనీ అడ్రసుకు ఎవలు మెయిల్ పంపినా చూసి లోపటికి ఇడుస్తది. గని లోపటికెళ్లి బయటోళ్లకు పంపాలంటే మాత్రం, పంపే మిషిన్ పేరు జాబితాల ఉండాలె. పేరు లేకపోతే ఎంత మొత్తుకున్నా బయటికి పోనియ్యది."

"మంచిగున్నది. మన అసలు వాచ్‌మన్‌కు గింత తెలివుంటే గేటు కాడ బర్లు మేస్తుండెనా?" అన్నాడు అమరేందర్.

జాబితాలో చేరవలసిన యంత్రాలు కొన్నే. మెయిల్ సర్వర్, ఆఫీసు ప్రింటర్లు, లారీలు తూచే కాంటా. చివరగా గుంత దగ్గరి ప్యానెల్.

గుంత అంటే ఫ్యాక్టరీ వెనక, మురికి నీళ్లన్నీ చేరే లోతైన సిమెంటు గది. అందులో ఒక్కోసారి విషవాయువు పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. వాసన ఆగిపోతే గాలి బాగుపడినట్టు కాదు, ముక్కు చచ్చిపోయినట్టు. అందుకని వాయువును పసిగట్టే ప్యానెల్ ఒకటి గుంత పక్క గోడకు పెట్టారు. అది పసిగట్టగానే ఇదివరకు సైరన్ మోగేది. ఒకసారి అట్లా మోగితే పక్క ఊళ్లో బర్రెలు బెదిరి పాలు ఎగబెట్టాయి. బర్రెల తరఫున ఊరు ఊరంతా వచ్చి గేటు ముందు కూర్చుంది. ఫ్యాక్టరీ చరిత్రలో యాజమాన్యం ఒప్పుకున్న ఏకైక డిమాండ్ ఆ బర్రెలదే. సైరన్ వైరు కోసేశారు. ఇక ప్యానెల్‌కు మిగిలిన నోరు మెయిల్ ఒక్కటే. వాయువు పెరిగితే అది కొంతమందికి మెయిల్ పంపుతుంది, ఫోన్లు మోగుతాయి.

ఆ కొంతమందిలో మొదటివాడు అమరేందర్. తర్వాత గుంత పంపు నడిపే సైదులు, అతని కింద పనిచేసే మల్లేశ్. ఆఫీసర్లకు కంపెనీ మెయిల్ ఉంది. పనివాళ్లకు ఆ ఖర్చు దండగన్నారు. కాబట్టి సైదులుకూ మల్లేశ్‌కూ అందరూ వాడే ఉచిత మెయిల్ గోపీకృష్ణే తెరిచి ఇచ్చాడు. అలారం వస్తే మోగడానికి తన గొంతే రికార్డు చేసి పెట్టాడు: "సైదులన్నా, సచ్చిపోతవ్, దిగకూ!" ఆ కేక అచ్చం మేకను కోస్తున్నట్టు ఉంటుంది. సైదులుకు అదంటే ఎంత ఇష్టమంటే, ఇంటికి చుట్టాలొస్తే చాయ్ కన్నా ముందు అదే వినిపించేవాడు. ఒకసారి ఆ కేక విని వాళ్ల మామ రెండు రోజులు అన్నం తినలేదని చెప్పుకునేవాడు.

గుంత దగ్గర పని తీరు కూడా ఆ కేక చుట్టే అల్లుకుంది. పంపు మూతి దగ్గర చెత్త అడ్డం పడితే దిగి తీయాలి. దిగేముందు సైదులు ఫోన్ చూస్తాడు. ఫోన్ మొత్తుకోకపోతే గాలి మంచిది. మొత్తుకుంటే పైనే కూర్చుని బీడీ కాలుస్తాడు. నిబంధనల పుస్తకంలో ఇంకా చాలా ఉన్నాయి. ముఖానికి గాలి గొట్టం, నడుముకు బెల్టు, పైన ముగ్గురు మనుషులు. ఆ గొట్టం స్టోర్ రూములో ఎంత భద్రంగా ఉందంటే, తాళం చెవి ఎవరి దగ్గరుందో స్టోర్ కీపర్‌కు కూడా తెలియదు.

*

పెట్టెను ఎప్పుడు నడిపించాలో గుట్ట మీది గుడిలో తెలిసిన పంతులు చెప్పాడు. ఈ ఫ్యాక్టరీలో ముహూర్తం లేకుండా బల్బు కూడా మార్చరు. పెట్టెకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. దండ వల్ల గాలి ఆడక పెట్టె వేడెక్కింది. భక్తితో కాగుతోందని అకౌంట్స్ వాళ్లు దండం పెట్టుకున్నారు.

గోపీకృష్ణ కింద కూర్చుని జాబితాలో పేర్లు ఎక్కిస్తున్నాడు. సర్వర్ ఎక్కింది, ప్రింటర్లు ఎక్కాయి, కాంటా ఎక్కింది.

"ఇంకెంతసేపు గోపీ? రాహుకాలం వస్తాంది" అన్నాడు అమరేందర్, చేతిలో కొబ్బరికాయతో.

"గుంత ప్యానెల్ ఒక్కటే మిగిలింది సార్. గది గూడ ఎక్కించి, అందరికీ పోతున్నయా లేదా చూసి…"

"దాంతోనే బోణీ కొట్టు మరి. తొలి మెయిల్ నా ఫోన్‌కే రావాలె. నా చెయ్యి మంచిది, అందరికీ ఎరికే."

"వేరేటోళ్ల పేర్లు గూడ ఉన్నయి సార్ దాంట్ల. అందరికీ ఒక్కసారే పోతది."

"సైదులుకు ముందు పోయి నాకు తర్వాత వస్తే బోణీ ఎట్లయితదయ్యా? గాళ్ల పేర్లు జర పక్కకు పెట్టు. తర్వాత పెట్టుకోరాదు?"

గోపీకృష్ణ ప్యానెల్‌లో మిగతా పేర్లు తీసి, అమరేందర్ ఒక్కడి పేరు ఉంచాడు. సైదులుకు ఫోన్ చేశాడు.

"అన్నా, టెస్టు బటన్ నొక్కు."

"నొక్కిన తమ్మి. నా ఫోన్ల నువ్వు మొత్తుకోవట్లేదేంది?"

"నీకు పోలే. సారుకే పోయింది, బోణీ."

"గట్లనా. కొబ్బరిముక్క పంపు మరి, మొత్తం గూడ సారుకే పంపకు."

అమరేందర్ చేతిలో ఫోన్ టింగుమంది. సరిగ్గా ముహూర్తానికే. కొబ్బరికాయ పగిలింది. గదిలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. సునామీని ఆపినంత గర్వంగా అమరేందర్ ఫోన్ పైకెత్తి అందరికీ చూపించాడు.

"చూసిన్రా? ప్యానెల్ మెయిల్ వచ్చింది. అయిపాయె."

గోపీకృష్ణ కూడా అయిపోయిందనే అనుకున్నాడు. సైదులు, మల్లేశ్‌ల పేర్లను తిరిగి ప్యానెల్‌లో పెట్టాడు. ప్యానెల్ పేరును మాత్రం పెట్టె జాబితాలో ఎక్కించలేదు. మెయిల్ వచ్చింది కదా, ఇక ఎక్కించేదేముంది? పులిహోర పంచుతుంటే లేచి వెళ్లాడు.

*

మధ్యాహ్నం తిన్నాక గోపీకృష్ణ పెట్టె ముందు కూర్చుని తెర చూశాడు. అది ఎన్ని మెయిళ్లు వదిలిందీ, ఎన్నింటిని తిప్పికొట్టిందీ తెర మీద కనిపిస్తుంది. తిప్పికొట్టినవి వరుసగా పెరుగుతున్నాయి. అన్నీ లోపలి నుంచి ఒకే యంత్రం పంపుతున్నవి. ప్రతిదాని పక్కన ఎర్రగా ఒకే కారణం: బయటికి పంపే అనుమతి లేదు.

అకౌంట్స్‌లో ఆ బట్టతల కంప్యూటర్ మళ్లీ లేచిందనుకుని గోపీకృష్ణ మురిసిపోయాడు. తెర ఫొటో తీసి ఆఫీసర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద రాశాడు: "నూనె దొంగ దొరికిండు. తలుపు కాడ తల కొట్టుకుంటాండు. మన పెట్టె ఇంచు గూడ కదుల్తలేదు."

అమరేందర్ అప్పటికి మొక్కు చెల్లించడానికి గుట్టకు కార్లో పోతున్నాడు. వెంటనే బొటనవేలు బొమ్మ పెట్టాడు. దాని వెనక దండం బొమ్మ పెట్టాడు.

మరో రెండు తిప్పికొట్టాక గోపీకృష్ణకు ఆ యంత్రం నంబరు ఎక్కడో చూసినట్టనిపించింది. పొద్దున బోణీకి పేర్లు తీసేటప్పుడు తన చేతులతో కొట్టిన నంబరే అది. గుంత ప్యానెల్.

పొద్దున టింగుమన్న మెయిల్ అమరేందర్‌కు వచ్చినది. అమరేందర్ చిరునామా కంపెనీది. లోపలికి వచ్చే మెయిల్‌కు జాబితాతో పని లేదు, పెట్టె ఎవరిదైనా వదులుతుంది. సైదులు, మల్లేశ్‌లవి బయటి చిరునామాలు. వాటికి పోవాలంటే ప్యానెల్ పేరు జాబితాలో ఉండాలి. లేదు. ప్యానెల్ ఇంతసేపూ సైదులు కోసం, మల్లేశ్ కోసం మొత్తుకుంటోంది. పెట్టె ఎంతో మర్యాదగా ప్రతిసారీ వద్దంటోంది.

గోపీకృష్ణ సైదులుకు ఫోన్ చేశాడు. రింగవుతోంది, ఎత్తలేదు. పరుగెత్తాడు.

ఆఫీసుకు, గుంతకు మధ్య ఫ్యాక్టరీ అంతా ఉంది. ఆ ఫ్యాక్టరీని ఆ రోజు ఎవరో లాగి పొడుగు చేసినట్టుంది.

గుంత మూత తీసి ఉంది. అంచున సైదులు చెప్పులు గుడి ముందు విడిచినట్టు పక్కపక్కన ఉన్నాయి. మల్లేశ్ ముక్కుకు తడి తువ్వాల కట్టుకుంటున్నాడు. పక్కన ఇద్దరు లోడింగ్ కూలీలు తాడు పట్టుకుని నిలబడ్డారు.

"సైదులన్న పిలిస్తే పలుకుతలేడు తమ్మి. ఇప్పుడే దిగిండు" అన్నాడు మల్లేశ్.

"మల్లన్నా, దిగకు! గ్యాసున్నది!"

"ఫోన్ మొత్తుకోలేదు గదా?"

"మొత్తుకున్నది. మీ దాకా రాలే. దిగకన్నా, సచ్చిపోతవ్!"

రికార్డు చేసిన గొంతే, మాటలు కూడా దాదాపు అవే. మల్లేశ్ ఒక్క క్షణం నిజంగానే అతని వైపు చూశాడు.

"మరి నువ్వు దిగుతవా?"

గోపీకృష్ణ గొట్టం కోసం స్టోర్ వైపు చూశాడు. స్టోర్‌కు తాళముంది.

"ఆగన్నా, గొట్టం తెస్త, తాళం పగలగొడ్త…"

"గంతసేపు ఆయన ఆగుతడా?" అని మల్లేశ్ తాడు కొస నోట కరుచుకుని నిచ్చెన దిగాడు.

కింద అడుగు చప్పుడు వినిపించింది. తర్వాత ఒక దగ్గు. తాడు రెండుసార్లు కదిలింది. "గుంజుండ్రి!" అని మల్లేశ్ అరిచాడు. ముగ్గురూ గుంజారు. బరువు పైకి వచ్చింది. సైదులు. చంకల కింద తాడు ముడి గట్టిగా ఉంది, పశువును కట్టేవాడు వేసే ముడి. ముఖం మట్టి రంగులో ఉంది. నోటి నుంచి నురగ వచ్చింది. రొమ్ము కదులుతోంది.

తాడు విప్పి మళ్లీ కిందికి వదిలారు.

"మల్లన్నా, పట్టుకో!"

తాడు వదులుగా వేలాడింది. ఆడించి చూశారు. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఒక కూలీ నిచ్చెన మీద కాలు పెడితే గోపీకృష్ణ అతని నడుం పట్టుకుని వెనక్కి లాగి మీద పడుకున్నాడు. అతను బూతులు తిట్టాడు, కొట్టాడు, ఆ తర్వాత ఏడ్చాడు. గోపీకృష్ణ లేవలేదు.

తాళం పగలగొట్టి గొట్టం తెచ్చారు. గొట్టం రబ్బరును ఎలుకలు కొరికాయి. చివరికి ఫైరింజన్ వచ్చి మల్లేశ్‌ను తీసింది.

*

మరుసటి రోజు పొద్దున నల్లగొండ దవాఖానలో ఫ్యాక్టరీ తరఫున అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పళ్ల సంచి ఉంది, విచారం ఉంది, వివరణ కూడా ఉంది. మూడింటినీ మోసుకొచ్చింది అమరేందరే. గోపీకృష్ణను కూడా వెంట తెచ్చాడు, పళ్ల సంచి పట్టుకోవడానికి.

మెట్ల మీద అతను గోపీకృష్ణ భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు సిన్నపోరనివి. ఫికర్ జెయ్యకు. పెట్టె మంచిగనే పనిచేసింది. నా ఫోన్‌కు అలారాలు వచ్చినయి. సైదులే చూసుకోలే. గంతే మాట."

"సార్, సైదులన్నకు పోలే. నిన్న సాయంత్రమే చెప్పిన మీకు. నేనే ప్యానెల్‌ను…"

"నేను నేననకు. నువ్వు పోతవ్, నీ వెనక నేను గూడ పోత. పోయినోడు ఎట్లన్న పోయిండు. ఉన్నోనికి జర మతిమరుపు గూడ వచ్చిందన్నరు డాక్టర్లు."

అది నిజమే. వార్డులో సైదులు దిండుకు ఒరిగి కూర్చున్నాడు. ముక్కుకు గొట్టముంది. నిన్నటి సంగతి అతనికి ముక్కలు ముక్కలుగా గుర్తుంది. చెప్పులు విడిచింది గుర్తుంది. ఫోన్ చూశాడో లేదో గుర్తు లేదు. ఫోన్ గుంతలో పడి కరిగిపోయినంత పనైంది.

"సైదులూ, దేవుడు బతికించిండు" అన్నాడు అమరేందర్. ఫోన్ తీసి అతని కళ్ల ముందు పెట్టాడు. "గిది చూడు. నాకు వచ్చినయి అలారాలు. ఒకటి గాదు, ఇన్ని. నాకు వచ్చినప్పుడు నీకెట్ల రావు? నువ్వే చూసుకోలే. గింత నిర్లక్ష్యం ఏందయ్యా?"

సైదులు తెర చూశాడు. ఇంగ్లీషు చదవడం రాదు. ఎర్ర గుర్తులు కనిపించాయి, చాలా ఉన్నాయి.

"ఏమో సార్. చూసుకోలేదేమో" అన్నాడు మెల్లగా. "మల్లిగాన్ని నేనే… నేనే తిన్నట్టున్న."

గోపీకృష్ణ చేతిలో పళ్ల సంచి కింద పడింది. రెండు బత్తాయిలు మంచం కిందికి దొర్లాయి.

"లేదన్నా. నీకు రాలే. నీ ఫోన్ మొత్తుకోలే. బయటికి పోయే జాబితాల ప్యానెల్ పేరు నేను ఎక్కియ్యలే. సార్‌కు బోణీ కావాలంటే సార్‌కు ఒక్కనికే పంపి చూసిన, మీకు పంపి చూడలే. గందుకే రాలే."

"గోపీ!" అన్నాడు అమరేందర్.

వార్డు గుమ్మంలో మంజులత నిలబడి ఉంది. మల్లేశ్ భార్య. కింద శవాల గది ముందు డాక్టర్ కోసం కూర్చున్న ఆమె, తన మనిషి ఎట్లా పోయాడో సైదులు నోట వినాలని పైకి వచ్చింది. వెనక వాళ్ల అత్త అమృతమ్మ గోడ పట్టుకుని ఉంది. వాళ్లు ఎంతసేపటి నుంచి వింటున్నారో ఎవరికీ తెలియదు.

మంజులత నేరుగా అమరేందర్ దగ్గరికి వచ్చింది.

"ఫోన్ల ఏమున్నదంటున్నవ్ సారూ?"

"అలారం ఉన్నదమ్మా. చెప్తున్న గదా, నాకు వచ్చింది…"

"నీకొచ్చిందా?"

"వచ్చింది. సాక్ష్యం గిదే."

"వచ్చినంక నువ్వేం జేసినవ్?"

అమరేందర్ నోరు తెరిచాడు. అతనికి అంతవరకు తన ఫోన్ రుజువుగానే కనిపించింది. అది ఇంకొకరి చేతిలో ఎట్లా కనిపిస్తుందో ఎన్నడూ తిప్పి చూడలేదు.

"నేను… గుట్టకు పోతున్న. పూజ… గా ప్యానెల్ ఎప్పుడూ మొత్తుకుంటనే ఉంటదమ్మా. రోజూ మొత్తుకుంటది."

"ఫోన్ చేతిల లేకుండెనా?"

గోపీకృష్ణ గ్రూపులోని బొటనవేలును తలుచుకున్నాడు. దండం బొమ్మను తలుచుకున్నాడు.

"చేతిలనే ఉండె" అన్నాడు. "గా టైముకు నేను పెట్టిన ఫొటోకు జవాబు గూడ ఇచ్చిండు సార్."

మంజులత చెయ్యి చాచింది. అమరేందర్ ఇవ్వలేదు. అమృతమ్మ వచ్చి అతని వేళ్ల మధ్య నుంచి, పసిపిల్లవాడి చేతిలోంచి రాయి తీసుకున్నట్టు ఫోన్ తీసుకుంది. కోడలికి ఇచ్చింది. కోడలు గోపీకృష్ణకు ఇచ్చింది.

"చదువు."

"ఇంగ్లీషుల ఉన్నది అక్కా."

"తెలుగుల చెప్పు. మొదటికెళ్లి చెప్పు."

గోపీకృష్ణ మొదటి మెయిల్ తెరిచాడు. "గుంతల విషగాలి ఎక్కువైంది. ఎవలూ దిగొద్దు."

"ఎవలకు రాసింది?"

"అమరేందర్ సార్‌కు. సైదులన్నకు. మల్లన్నకు."

సైదులు దిండు మీంచి లేవబోయాడు. ముక్కు గొట్టం పట్టి లాగడంతో మళ్లీ వెనక్కి పడ్డాడు.

"నా పేరున్నదా దాంట్ల?"

"ఉన్నదన్నా."

"మల్లిగానిది?"

"ఉన్నది."

"ఇంకోటి చదువు" అంది మంజులత.

"గుంతల విషగాలి ఎక్కువైంది. ఎవలూ దిగొద్దు."

"ఇంకోటి."

అవన్నీ ఒకటే మాట. ఒక్క అక్షరం మారలేదు. అయినా ఆమె ఒక్కటి కూడా వదిలిపెట్టనివ్వలేదు. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. చేతి సంచులతో వచ్చిన చుట్టాలు నిలబడిపోయారు. నర్సు ఒకామె సూది పట్టుకుని ఆగింది. గోపీకృష్ణ చదువుతున్నాడు. ప్రతి దాని చివర మూడు పేర్లూ చెబుతున్నాడు. మల్లేశ్ పేరు వచ్చినప్పుడల్లా అమృతమ్మ పిలిస్తే పలికినట్టు "ఆఁ" అంటోంది.

అమరేందర్ ఫోన్ కోసం ఒకసారి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వైపు ఎవరూ చూడలేదు.

"అయిపోయినయా?" అంది మంజులత.

"ఇంకా ఉన్నయి."

"చదువు మరి."